కెప్టెన్ గారి ఒంటి తడి

దెయోలింద పొద్దున్నే లేచి చేసే మొదటి పని మొగుడి చొక్కా పిండటం. ఆ తరవాతే కాఫీ పెట్టేది. కెప్టెన్ అమాందియో, తమ దేశపు వలసరాజ్యమైన గినీలో యుద్ధం నుంచి వచ్చిన నాటినుంచీ ఏ బట్ట కట్టినా గంట తిరక్కుండా తడిసి నీళ్ళు కారేది. బురద వాసనేసే ఏటి నీళ్ళు. వలెద్రా ఊరు దానికి అలవాటుపడింది. ఆయనతో చేయి కలిపినవాళ్ళు ప్యాంటుకి తుడుచుకునేవాళ్ళు, అంతే.

నియంతృత్వం పోయి ఎన్నికలొచ్చాక ఊరు ఆయన్నే పురపాలక అధ్యక్షుణ్ణి చేసింది. కొండమీది ఇళ్ళకి కరెంటు తెప్పించాడు, రోడ్డు వేయించాడు. సభలో ఆయన కుర్చీ కింద బాల్చీ పెట్టేవాళ్ళు.

నాలుగేళ్ళకి లిస్బన్ నుంచి పార్టీ పెద్దలు పార్లమెంటుకి నిలబడమన్నారు. ముందుగా, గినీలో పోయిన ఊరి కుర్రాళ్ళ పేర్లు చెక్కిన రాయిని ఆయన చేత ఆవిష్కరింపజేద్దామన్నారు. ఏడు పేర్లు. ఏడుగురూ ఒకే రోజు, ఏరు దాటుతూ, ఒకే తెప్ప మీద పోయారు. శత్రువు కాల్పుల్లో తెప్ప మునిగిందని సైన్యం ఇళ్ళకి కాగితాలు పంపింది. నిజం దెయోలిందకి తెలుసు. యాభై మంది ఎక్కే తెప్ప మీద, రెండో ట్రిప్పు ఎందుకులెమ్మని, కెప్టెన్ వందమందిని ఎక్కించాడు. తిరిగొచ్చిన మొదటి వారంలోనే ఆయన ఆ మాట చెబితే, బయట అనొద్దని నోరు మూయించింది ఆవిడే. అది జరిగి పదకొండేళ్ళు.

ఆవిష్కరణ నాడు ఉపన్యాసం కాగితం ఆయన చేతిలోనే నాని చిరిగిపోయింది. మాట ఆగింది. మొదటి వరసలో నల్లశాలువా కప్పుకున్న ఎర్మెలింద లేచింది. రాతి మీద మూడో పేరు, జసింతు, ఆవిడ కొడుకు.

"కాగితం పోతే పోనీ కెప్టెన్ గారూ. మావాడెలా పోయాడో నోటితోనే చెప్పండి."

ఆయన భార్య వైపు చూశాడు. వద్దన్నట్టు ఆవిడ తల ఊపింది.

"కాల్పులేమీ లేవు పిన్నీ. తెప్ప మొయ్యలేనంతమందిని ఎక్కించాను. తొందర నాదే, హుకుం నాదే."

ఎర్మెలింద ఇంటికి వెళ్ళిపోయింది. ఒక్కరొక్కరే మిగతావాళ్ళూ కదిలారు. భోజనాల వేళకి ముందే పార్టీ కారు లిస్బన్ దారి పట్టింది. అమాందియో పదవి వదులుకుని ఆలివ్ నూనె మిల్లులో పనికి కుదిరాడు. ఎవరూ తిట్టలేదు, పలకరించనూ లేదు. ఒంటి తడి మాత్రం ఆరిపోయింది. పొడి బట్టల్లో మనిషి సగమైనట్టు కనిపించాడు.

ఒక ఆదివారం దెయోలింద చేతుల దగ్గర రవిక తడిసింది. గిన్నెలు తోమిన నీళ్ళనుకుంది. సాయంత్రానికి పావడా అంచునుంచి చుక్కలు రాలాయి. బురద వాసన. మొగుడికి చెప్పలేదు. తిన్నగా ఎర్మెలింద ఇంటికి వెళ్ళి తలుపు తట్టింది.

ఎర్మెలింద ఆ తడి చూసింది.

"నీకూ తెలుసన్నమాట."

"మొదటినుంచీ తెలుసు పిన్నీ. చెప్పొద్దన్నది నేనే. ఆయన ఇంకోమాట కూడా చెప్పారు. జసింతు తెప్పతో మునిగిపోలేదు, ఈదుకుంటూ ఒడ్డు చేరాడు. మిగతావాళ్ళ కోసం మళ్ళీ దిగాడు."

"ఎన్నిసార్లు?"

"రెండుసార్లు ఒక్కొక్కణ్ణి లాక్కొచ్చాడు. మూడోసారి రాలేదు."

 ఎర్మెలింద గడప మీంచి పక్కకి జరిగి దారిచ్చింది.