కంటికందని గీత

ఆదిత్యపూర్‌లోని ఆ ల్యాబులో పన్నెండేళ్లుగా హార్మోన్ పట్టీ చూసి గర్భం ఉందో లేదో చెప్పేది వరహాలే. కిటికీ వెలుతురులో పట్టీని వంచి, వెంట్రుకంత గీతనైనా పట్టేవాడు. డాక్టరమ్మ అతని మాటే రిపోర్టులో రాసేది.

నెల నుంచి ఆమె పట్టీలు చూడ్డానికి వెన్నెలను పిలుస్తోంది. వెన్నెల నడిపే కొత్త యంత్రం పట్టీలోని బంగారు నానో రేణువుల మీద లేజర్ వేసి, అవి ఎంత వేడెక్కాయో కొలుస్తుంది. కంటికి కనబడని గీత కూడా దానికి దొరికిపోతుంది.

వరహాలుకు కడుపు రగిలిపోయింది. ఆ యంత్రం పరువు తీయాలని తన నెత్తురే తీసి, సీసా మీద ఆడపేరు రాసి ట్రేలో పెట్టాడు.

"పాజిటివ్, బాబాయ్. తక్కువే గానీ ఉంది," అంది వెన్నెల.

వరహాలు పగలబడి నవ్వాడు. "డాక్టరమ్మా, ఇలా రండి! అది నా నెత్తురు. ఏటే వెన్నెలా, నాకు కడుపొచ్చిందేటి? సీమంతం చేత్తావా?"

"మజాక్ మత్ కరో, ఆటలొద్దు బాబాయ్. నిజంగా నీదేనా?" వెన్నెల ముఖం పాలిపోయింది.

డాక్టరమ్మ కూడా నవ్వలేదు. "మగవాళ్లలో ఈ హార్మోన్ కనబడితే వృషణంలో కేన్సర్ ఉందేమో చూడాలి వరహాలూ. ఇవాళే స్కాన్ చేయించు. ఉన్నా, తొందరగా దొరికినట్టే."

"మిషను తప్పు చెప్పుంటాది," అన్నాడు వరహాలు.

"తప్పే అవ్వాలి బాబాయ్. ఇంకోసారి చూద్దాం."

నెలరోజులుగా ఆమెతో మంచిగా మాట కలపని వరహాలు చొక్కా చెయ్యి పైకి మడిచాడు. "నువ్వే తియ్యమ్మా," అన్నాడు.