మంచినీళ్ల బకెట్

గడియారాలు బాగుచేసే ఆయన ఇంట్లో, ముందు గదిలో ఒక చిన్న సముద్రం ఉంది. నాలుగడుగుల గాజు తొట్టి, దాని మీద నీలం దీపం. ఆ సముద్రం ఆయనది కాదు, భార్యది. గుండె ఆపరేషన్‌కి ఆసుపత్రికి వెళ్తూ ఆవిడ గుమ్మంలో ఆగి చెప్పింది.

"ఏమండీ, నీళ్లు ఈ గీత కిందికి దిగితే బకెట్లోవి పొయ్యండి. నా పగడం జాగ్రత్త."

బకెట్లు రెండున్నాయి. ఒకదాంట్లో వారానికోసారి నీళ్లు మార్చడానికి కలిపి ఉంచిన ఉప్పునీళ్లు, రెండోదాంట్లో వడకట్టిన మంచినీళ్లు. ఆయన రెండూ నాలుక మీద వేసుకుని చూశాడు. సముద్రంలో మంచినీళ్లు పోసే అమాయకుడు ఎక్కడైనా ఉంటాడా? రోజూ పొద్దున్నే ఉప్పునీళ్లే పోశాడు, గీతకు వెంట్రుకవాసి తేడా రాకుండా. పనితనంలో ఆయనకు వంక పెట్టగలవాడు ఆ వీధిలో లేడు.

మధ్యాహ్నం తెర వేస్తే గదంతా నీలమయ్యేది. బల్ల మీది గడియారాల అద్దాల్లో అలలు కదిలేవి. కునుకు పడితే చాలు, ముళ్లు చేపలై ఈదేవి. ఎన్ని గంటలైందో ఆయనకే తెలిసేది కాదు. తొట్టిలోని రెండు నారింజ రంగు చేపలకు భార్య అత్త, కోడలు అని పేర్లు పెట్టింది. పేరుకు తగ్గట్టే అవి ఒకదాని మొహం ఒకటి చూసుకునేవి కావు. రాతి మీద అరచేయంత పగడం. దాని ఒంటినిండా చిన్న చిన్న పువ్వులు నిద్రలో ఉన్నట్టు ఊగేవి.

పన్నెండో రోజున పువ్వులు ముడుచుకోవడం మొదలైంది. పద్నాలుగో రోజుకి ఒక్కటీ విచ్చుకోలేదు. ఆ పగడం పోతే ఆవిడ తిరిగి రాదని ఎవరూ అనలేదు. ఆయనకే అలా అనిపించింది. పెద్దమనిషికి ఇలాంటి భయం సిగ్గుచేటే, కానీ భయం వయసు చూసి రాదు కదా. ఫోన్లో భార్యతో మాత్రం "అంతా బావుంది" అంటూ వచ్చాడు.

మర్నాడు పొద్దున, వంట చూడటానికి వచ్చి ఉన్న అత్తగారు ఆయన బకెట్ ఎత్తడం చూసింది.

"అవేం నీళ్లు, అల్లుడుగారూ?"

"ఉప్పునీళ్లండీ. రోజూ చెంబెడు తగ్గిపోతోంది."

"తగ్గేది నీళ్లా, ఉప్పా?"

ఆయన బకెట్ కింద పెట్టాడు.

"కూరలో నీళ్లు ఇగిరిపోతే ఉప్పెక్కడికి పోతుందండీ? గిన్నెలోనే ఉంటుంది. మీరు రోజూ ఇంకో గుప్పెడు వేస్తున్నారు. నేనైతే ఆ కూర పిల్లికి కూడా పెట్టను."

సొరుగులోంచి ఉప్పు కొలిచే పరికరం తీశాడు. దాని ముల్లు ఎక్కడికో పోయి కూర్చుంది. ఊళ్లో ముళ్లన్నీ సరిచేసే మనిషి, పక్షం రోజులుగా ఇంట్లో ముల్లు చూసుకోలేదు. కంగారుగా మంచినీళ్ల బకెట్ మొత్తం ఎత్తబోయి ఆగాడు. తొందరగా నడిచే గడియారాన్ని ఒక్క తిప్పుతో దారికి తేలేం. మరను కాస్త తిప్పి, ఒక రోజు ఆగి చూడాలి. ఆ రోజు నుంచి చెంబెడు తొట్టినీళ్లు తీసి, చెంబెడు మంచినీళ్లు పోస్తూ వచ్చాడు. పగడం మాత్రం ఉలకలేదు, పలకలేదు.

ఆరో రోజు భార్య ఇంటికొచ్చింది. తొట్టి ముందు కుర్చీలో కూర్చోబెట్టి, ఆయన తలదించుకున్నాడు.

"చంపేశాను."

ఆవిడ చెయ్యి గుండెల మీద పెట్టుకుంది. "నవ్వించకండి, కుట్లు లాగుతాయి. ఉప్పునీళ్లు పోశారు కదూ?"

"నీకెలా తెలుసు?"

"మొదటి ఏడాది నేనూ అదే చేశాను. తొట్టెడు పగడాలు పోయాయి. ఈ ఒక్క తునకే మిగిలింది, అప్పుడు గోరంత."

"మరి నాకెప్పుడూ చెప్పలేదే?"

"సిగ్గేసింది." తొట్టి వైపే చూస్తూ అంది, "ఫోన్లో అంతా బావుందని నేనూ చెప్పాను. బాగాలేదండీ. చాలా భయమేసింది."

నీలం వెలుగులో, పగడం అంచున, ఒక్క పువ్వు మెల్లగా విచ్చుకుంటోంది. చూడటానికి ఆయన ముందుకు వంగాడు, కన్నీళ్లు ఆగలేదు.

ఆవిడ ఆయన చొక్కా పట్టుకుని వెనక్కి లాగింది.

"ఏడిస్తే ఇటొచ్చి ఏడవండి. అందులో ఇప్పటికే ఉప్పెక్కువైంది."