విప్పే దశ

ఆదివారం వంట మా ఆయనది. ఈ మాట ఆయన ఫోనులో చెల్లెలికి చెప్పి భోజనానికి పిలుస్తున్నప్పుడు నేను వెల్లుల్లి పొట్టు తీస్తున్నాను. అప్పటికే ఉల్లిపాయలు తరిగి, బియ్యం కడిగి నానబెట్టి, మసాలా నూరి, కోడిమాంసానికి ఉప్పూ కారం పట్టించాను. పదకొండింటికి ఆయన ఏప్రాన్ కట్టుకుని వచ్చి స్టవ్ వెలిగించాడు. "ఇంత సులువైన పనికి ఆడవాళ్లు ఎందుకంత హైరానా పడతారో!" అన్నాడు గరిట తిప్పుతూ. నాకు నవ్వూ వచ్చింది, కోపమూ వచ్చింది. రెండూ మింగేసి అల్లం అందించాను.

తమాషా ఏమిటంటే, నా ఉద్యోగమే ఇలా పైకి కనిపించని సంగతులు చూడటం. హైడ్రోజన్‌తో కరెంటు పుట్టించి బస్సులను నడిపే ఫ్యూయల్ సెల్స్ తయారుచేసే కంపెనీ మాది. ఒక సెల్ పుట్టిన దగ్గర్నుంచి పారేసేదాకా నేలకూ గాలికీ ఎంత చేటు చేస్తుందో అంచనా కట్టాలి. బస్సు వెనక నీటి ఆవిరి తప్ప ఏమీ రాదని పోస్టర్లు వేసుకుంటారు. నిజమే. ఆ హైడ్రోజన్‌ని ఎక్కణ్ణుంచి తీశారో, లోపలి పలుచటి పొరకు పూసే ప్లాటినం కోసం ఎంత కొండ తవ్వారో మాత్రం పోస్టరులో ఉండదు. అవి బయటికి తెచ్చింది నేనే, గొప్పగానే చెప్పుకుంటాను. కానీ పోయినేడాది నివేదికలో ఒక తప్పు చేశాను. సెల్ పనిచేయడం మానేసే చోట లెక్కకు గీత గీసి, ఇక చాలు అనుకున్నాను. ఎవరూ ఆపమనలేదు. తరువాత జరిగేది చిన్న పనేలే అనిపించింది, అంతే.

ఆ నివేదికను నమ్మి డిజైనర్లు సెల్ పలకలను బోల్టులతో బిగించకుండా జిగురుతో అతికించారు. బరువు తగ్గిందని అందరూ మెచ్చుకున్నారు. పోయిన నెల, పరీక్షల్లో అరిగిపోయిన సెల్స్‌ని విప్పే షెడ్డుకు వెళ్లాను. ఒకావిడ సన్నటి కత్తితో పలకలను ఒక్కొక్కటిగా ఊడదీస్తోంది. పొర చిరిగి ముక్కలవుతోంది, దాంతోపాటే ప్లాటినమూ చెత్తలోకి పోతోంది. ఆమె వేళ్లకు గుడ్డపేలికలు చుట్టి ఉన్నాయి.

"దీన్ని అతికించినోళ్లు ఒక్కసారైనా విప్పి చూశారా అమ్మా?" అంది తలెత్తకుండా.

నాకు సిగ్గేసింది. తిన్న తరువాత చేసేది పనే కాదని పద్దెనిమిదేళ్లుగా ఇంట్లో ఒప్పుకుంటూ వచ్చినదాన్ని, ఆ అలవాటునే ఆఫీసుకూ పట్టుకెళ్లాను. ఇంటికొచ్చి వారం రోజులు కూర్చుని ఈ ఏటి నివేదికకు 'విప్పే దశ' అని కొత్త అధ్యాయం రాశాను. జిగురు వద్దు, బోల్టులే కావాలి అని అందులో తేల్చి చెప్పాను.

ఆ ఆదివారం భోజనాల దగ్గర ఆడపడుచు వేళ్లు నాక్కుంటూ, "అన్నయ్య చేతిలో ఏదో మహత్తు ఉంది వదినా! అదృష్టమంటే నీదే," అంది.

"వాడు వండిన రోజు కోడలికి పూర్తి విశ్రాంతేగా," అన్నారు అత్తయ్య.

అత్త సొమ్ము అల్లుడు దానం చేయడం అంటే ఇదే కాబోలు. మా ఆయన వినయంగా తల వంచుకుని ఇంకో ముక్క వేసుకున్నాడు. అప్పుడే మా డైరెక్టరు ఫోన్ చేశాడు.

"ఆ చివరి అధ్యాయం తీసేశానమ్మా. మన సెల్ నడిచినన్నాళ్లూ శుభ్రంగా ఉంటుంది, అది చాలదా? మీరు సంతకం పెట్టేస్తే రేపు డ్రాయింగులు ఫ్యాక్టరీకి పంపించేస్తాం. ఇక మార్పులుండవు."

నా చేతికి ఎంగిలి ఎండిపోతోంది. "ఆ అధ్యాయం లేకపోతే సంతకం పెట్టను సార్. దాన్ని కుదించి మొదటి పేజీల్లోకి తెచ్చి సాయంత్రానికి పంపిస్తాను. అదీ తీసేస్తే నా పేరు కూడా తీసేయండి."

"ఆలోచించుకోండి," అని ఆయన ఫోన్ పెట్టేశాడు. ఉద్యోగం పోయినా పోవచ్చు. భయం వేసింది, కానీ ఆలోచించుకోవడం మాత్రం షెడ్డులోనే అయిపోయింది.

మా ఆయన మొహం చిట్లించాడు. "పెద్దవాళ్లతో నీకెందుకు గొడవ? సరే, రాసుకుంటే రాసుకో. వంట నేను చేశానుగా, ముందు ఆ నాలుగు గిన్నెలూ తోమేసి తీరిగ్గా కూర్చో."

నాలుగు గిన్నెలట! సింకు నిండా అంట్లు, గోడ దాకా చిందిన నూనె, మాడిన మూకుడు. ప్రతి ఆదివారం సాయంత్రం నాలుగయ్యేదాకా నేను నిలబడేది అక్కడే. అత్తయ్యా ఆడపడుచూ నావైపే చూస్తున్నారు. నేను చేయి కడుక్కుని లాప్‌టాప్ చంకన పెట్టుకున్నాను.

"వంట ఇంకా అవలేదండీ," అన్నాను. "అంట్లు తోమి, స్టవ్ తుడిచి పిలవండి. అప్పుడొచ్చి ఎలా ఉందో చెబుతాను."