బీరువాలోని మంచు దేశం

మొదటి దెబ్బకే రాతితో చెక్కిన సీల్ జంతువు తల ఎగిరి సోఫా కిందికి దొర్లింది. సుత్తి నాదే. పట్టుకున్నవాడు మా బావమరిది ఫిన్నీ.

చర్చిలో శుక్రవారం ఆరాధన ముగించుకుని, బహ్రెయిన్‌లోని జింజ్ పేటలో మా ఫ్లాటుకి ప్రార్థన చేయడానికి వచ్చాడు. నా భార్య దీవెనకి ఆదివారం ఆపరేషన్. రొమ్ములో గడ్డ. నేను కిందికి వెళ్ళి రొట్టెలు కొనుక్కొచ్చేసరికి అద్దాల బీరువా తెరిచి ఉంది.

ఆ బీరువాలో ఉన్నది నా జీవితం. కెనడా ఉత్తరాన మంచులో బతికే ఇన్యుయిట్ మనుషులు చెక్కిన రాతి బొమ్మలు. నేను బహ్రెయిన్‌కి డ్రాఫ్ట్స్‌మన్‌గా వచ్చిన కొత్తలో, మా కెనడా ఇంజనీరు ఉద్యోగం మానేసి వెళ్తూ ఒక గుడ్లగూబను నా చేతిలో పెట్టాడు. చల్లగా, బరువుగా, అప్పుడే నిద్ర లేచినట్టుంది. అంతే, పిచ్చి పట్టుకుంది. దేశం వదిలి వెళ్ళే దొరల ఇళ్ళన్నీ తిరిగాను, పోస్టులో తెప్పించాను, బంగారం కొనమంటే రాయి కొన్నాను. "పిచ్చి ముదిరింది, రోకలి తలకు చుట్టమన్నాడంట" అని దీవెన నవ్వేది. నవ్వుతూనే వాటి దుమ్ము తుడిచేది.

"ఒరే ఫిన్నీ, సుత్తి కింద పెట్టు" అన్నాను.

"విగ్రహాలున్న ఇంట్లో ప్రార్థన నిలబడదు బావా. అక్క ప్రాణం ముఖ్యమా, ఈ రాళ్ళు ముఖ్యమా?"

మా మామగారు అమలాపురం వైపు బోధకుడు. ఎవరింట్లో బాప్తిస్మం జరిగినా, గూట్లో విగ్రహాలు తీయించి పగలగొట్టించాకే ప్రార్థన మొదలుపెట్టేవాడు. వీడు అది చూస్తూ పెరిగాడు. వీడి కంటికి చెక్కిన రాయి ఏదైనా విగ్రహమే.

"అవి మొక్కేవి కావురా. నేనెప్పుడైనా దండం పెట్టడం చూశావా?"

"దండం పెడితేనే పూజేంటి?" అంటూ చేపతోక ఉన్న ఆడమనిషి బొమ్మ మీద కొట్టాడు. బలపం లాంటి మెత్తటి రాయి, నుగ్గయిపోయింది. తర్వాత దెబ్బ గుడ్లగూబ మీద పడింది.

నా ఒళ్ళు భగ్గుమంది. మెడ పట్టుకుని వాణ్ణి గోడకేసి కొట్టాను. వాడు మోచేత్తో నా డొక్కలో పొడిచాడు. ఇద్దరం బీరువా మీద పడ్డాం, అద్దం పగిలి నా అరచెయ్యి చీరుకుపోయింది. దీవెన వంటగదిలోంచి పరుగెత్తుకొచ్చి ఆపమని బతిమాలింది. ఎవడు వింటాడు. తక్కిన బొమ్మలన్నీ నేల మీద పడి ముక్కలయ్యాయి. అరలో మంచు ఎలుగుబంటి ఒక్కటే మిగిలింది, గట్టి నల్లరాయి. దాని మీదికి సుత్తి లేచింది. నేను ముందే దాన్ని లాక్కుని, దాంతోనే వాడి నుదుటి మీద మోదాను.

ఆ చప్పుడు నాకు హాయిగా అనిపించింది. అబద్ధమెందుకు, ఇంకోటి కూడా వేశాను.

ఫిన్నీ కూలబడిపోయాడు. నెత్తురు కనుబొమల మీదుగా గడ్డం దాకా కారింది. సుత్తి చేతిలోంచి జారిపోయింది.

నేను లైటు కిందికి వెళ్ళాను. చొక్కా అంచుతో ఎలుగుని తుడిచి, చెవులూ కాళ్ళూ వేళ్ళతో తడిమి చూసుకున్నాను. ఎక్కడా పెచ్చు లేవలేదు.

"అమ్మయ్య" అన్నాను, పైకే.

తలెత్తితే దీవెన నన్నే చూస్తోంది. తమ్ముడి తల ఒళ్ళో పెట్టుకుని, కొంగు గాయానికి అదిమి పట్టుకుంది.

"'అవి ఉత్త బొమ్మలేరా, మీ బావకి సరదా' అని ఇందాకటిదాకా వీడితో వాదించానండీ" అంది.

నేనేదో చెప్పబోయాను. వినిపించుకోలేదు. ఫిన్నీ చెయ్యి తన భుజం మీద వేసుకుని లేపి నడిపించింది. గుమ్మం దగ్గర ఆగింది.

"ఆదివారం మీరు ఆసుపత్రికి రావద్దు. నేను కళ్ళు తెరిచేసరికి, ముందు నన్ను చూసే మనిషి పక్కన ఉండాలి."

ఎలుగుని కింద పెట్టి వాళ్ళ వెంట పరుగెత్తుదామనుకున్నాను. నేలంతా గాజు పెంకులు. దాన్నెక్కడ పెట్టాలా అని చూసుకునేలోపు లిఫ్టు దిగిపోయింది.