కుదురులేని కొట్టు

మధ్యాహ్నం అన్నం తిని జిప్పులక్క రోడ్డెక్కిందంటే, మొట్టమొదట చేసే పని తన కొట్టు ఎటుపోయిందో కనుక్కోవడం.

"బాబాయ్, మా కొట్టు కనబడిందా?" అని కాలేజీ గేటు దగ్గర టీ కొట్టాయన్ని అడిగేది.

"లైబ్రరీ వెనకుందమ్మాయ్. ఎవరి బ్యాగో తెగుంటుంది, తొందరగా పో."

పోయి చూస్తే నిజంగానే అక్కడ ఉండేది. నాలుగు కాళ్ళ చెక్కబడ్డీ, పైన రేకు, లోపల కాలితో తొక్కే కుట్టుమిషను. దాని ముందు తెగిన బ్యాగు చంకలో పెట్టుకుని ఎవరో ఒక స్టూడెంటు. జిప్పులక్క తాళం తీసి, బ్యాగు అందుకుని, జిప్పుని ఒకసారి పైకీ కిందికీ లాగి చూసేది. రన్నరు వదులైతే పటకారుతో ఒక నొక్కు. పళ్ళు పోయుంటే పాత జిప్పు మొత్తం ఊడదీసి కొత్తది కుట్టేది.

ఆ కొట్టు అంతే. బ్యాగు ఎక్కడ తెగితే అక్కడికి వెళ్తుంది. చూస్తున్న కళ్ళు ఒక్కజత ఉన్నా కదలదు, అందుకని అది నడవడం ఎవరూ చూడలేదు, చూడాలని ఎవరికీ అనిపించనూ లేదు. కొందరి కొట్లు వానకి కారతాయి, ఈవిడ కొట్టు నడుస్తుంది. అందులో వింతేముంది?

ఇంతలో ఎన్నికలు దగ్గరపడ్డాయి. అన్నాళ్ళూ ఆ వైపు తొంగిచూడని కౌన్సిలర్‌కి ఉన్నట్టుండి కాలేజీ రోడ్డు ఇరుకైపోయినట్టు కనిపించింది. బడ్డీలన్నీ ఎత్తేయాలన్నాడు. ఊరికే ఎత్తేస్తే జనం గోల చేస్తారని, బస్టాండు పక్కన కట్టిన కొత్త గదులు వీళ్ళకే ఇస్తామన్నాడు. కొలతల ఆఫీసరు వచ్చి ఒక్కో బడ్డీ చుట్టూ నేలమీద తెల్లరంగుతో గీత గీసి నంబరు వేస్తాడు. వారం తర్వాత మళ్ళీ వస్తాడు. బడ్డీ ఆ గీతలోనే ఉంటే గది వచ్చినట్టు.

జిప్పులక్క నేరుగా కౌన్సిలర్ దగ్గరికి వెళ్ళింది.

"ఒకచోట కుదురుగా నిలబడని కొట్టుకి గది ఎలా ఇమ్మంటావమ్మా?" అని ఆయన నవ్వాడు. ఆయన నవ్వాడు కాబట్టి పక్కనున్నవాళ్ళూ నవ్వారు.

"నిలబెడతానండీ."

"ఎలా నిలబెడతావ్?"

"ఆ తిప్పలేవో నేను పడతాను. మీరు గీత గీయించండి."

ఇంట్లో మంచం పట్టిన అత్తయ్య, చదువుకుంటున్న కూతురు. ముగ్గురికీ ఆ కొట్టే దిక్కు. ఆ ముక్క ఆవిడ కౌన్సిలర్‌తో చెప్పలేదు, చెప్పి జాలి పుట్టించుకోవడం ఆవిడకి చేతకాదు.

లారీ మెకానిక్‌ని బతిమాలి పొడుగాటి గొలుసు తెచ్చింది. టీ కొట్టు పక్కన, తెల్లగీత లోపల, బడ్డీని కరెంటు స్తంభానికి కట్టేసింది. బడ్డీకి అది బొత్తిగా నచ్చలేదు. రోజంతా కిర్రుకిర్రుమంటూనే ఉంది. ఎన్నడూ లేనిది మిషను బెల్టు జారిపోయింది, సూదులు పుటుక్కున విరిగాయి. బేరాలూ పడిపోయాయి. ఒక సాయంత్రం హాస్టల్ పిల్ల ఒకతి, పట్టీ తెగిన బ్యాగుని, పుస్తకాలన్నిటినీ గుండెలకి హత్తుకుని ఆయాసపడుతూ వచ్చింది.

"ఏంటక్కా, ఇదివరకు కొట్టే వచ్చేది కదా!"

జిప్పులక్క పట్టీ కుట్టి పంపించింది. కాళ్ళ కింద బడ్డీ ఒకసారి వణికింది. ఆవిడ ప్రాణం ఉసూరుమంది.

"నేను మాత్రం సరదాపడి కట్టేశానా? ఇంకొంచెం ఓర్చుకో," అని చెక్కమీద నిమిరింది.

వారానికి ఆఫీసరు వచ్చాడు. బడ్డీ గీతలోనే ఉంది. "సరే, గది మీదేనమ్మా," అని వెళ్ళాడు. ఆ పూట టీ కొట్టు బాబాయ్ అందరికీ టీ పోశాడు.

తీరా గదులు పంచేసరికి ఒకటి కౌన్సిలర్ బావమరిదికి, ఒకటి బావమరిది తోడల్లుడికి, ఇంకోటి ఆ తోడల్లుడి మేనల్లుడికి వెళ్ళాయి. వాళ్ళలో ఎవరూ జన్మలో కొట్టు తెరిచిన పాపాన పోలేదు. బడ్డీల వాళ్ళు వెళ్ళి అడిగితే, "వచ్చే విడతలో చూద్దాంలే, రేపు క్రేను వస్తుంది, సామాన్లు తీసుకోండి," అన్నారు.

మర్నాడు పొద్దున్న బాబాయ్ స్టవ్ కూడా వెలిగించకుండా కూలబడ్డాడు. "అయిపోయిందమ్మాయ్."

"ఏమీ అవలేదు. లే బాబాయ్."

జిప్పులక్కకి కౌన్సిలర్ మీద కన్నా తనమీద ఎక్కువ కోపంగా ఉంది. ఆ మాట నమ్మి, నడిచేదాన్ని కట్టేసింది కదా! చరచరా వెళ్ళి స్తంభానికున్న కొస విప్పేసింది. విప్పిన కొసని టీ కొట్టు కాలికి చుట్టి, అక్కణ్ణించి పెన్నుల కొట్టుకి, జిరాక్స్ కొట్టుకి, చిట్టచివరనున్న ఫొటోల కొట్టుకి లాక్కుంటూ పోయింది.

"ఏం చేస్తున్నావే?" అన్నాడు బాబాయ్.

"మా కొట్టు లాగుతుంది. మీ కొట్లు దాన్ని చూసి నేర్చుకుంటాయి."

"నేర్చుకోకపోతే?"

"అప్పుడు క్రేను ఎలాగూ ఎత్తేస్తుంది. కొత్తగా పోయేదేముంది?"

ఇక అందరూ మొహం తిప్పుకోవడమే తరువాయి అనుకుంటుండగా క్రేను వచ్చేసింది. దాని వెనక కౌన్సిలర్, ఆఫీసర్లు, కార్యకర్తలు. అన్ని కళ్ళూ బడ్డీల మీదే. ఇన్ని కళ్ళ ముందు బడ్డీ అడుగు వెయ్యదు. జిప్పులక్క జుట్టు ముడేసుకుని ఎదురెళ్ళింది.

"ఇంత పెద్ద పని చేస్తున్నారు, ఫొటో లేకుండానేనా అండీ?"

కౌన్సిలర్ ఆమె వైపు అనుమానంగా చూశాడు. కానీ ఎన్నికల ముందు ఫొటో వద్దనుకునే మనిషి కాదాయన. ఫొటోల కొట్టతను అప్పటికే కెమెరా మెళ్ళో వేసుకుని రోడ్డుకి అవతల నిలబడ్డాడు. కౌన్సిలర్ చొక్కా సర్దుకుని బడ్డీలకి వీపు పెట్టి నిలబడ్డాడు. అటూ ఇటూ ఆఫీసర్లు చేరారు. క్రేను డ్రైవర్ని కూడా, "నువ్వూ రావయ్యా," అని పిలిచారు. బడ్డీల వాళ్ళు కాలేజీ గోడవైపు తిరిగారు. పిల్లలు తిరిగారు. దారినపోయేవాళ్ళు కూడా, ఎందుకో ఏమిటో అడక్కుండా తిరిగారు.

గొలుసు గలగలమంది.

"ఏంటా చప్పుడు?" అన్నాడు కౌన్సిలర్.

"కదలకండి సార్, ఫొటో చెడిపోతుంది," అని ఫొటోలతను తన రెండు కళ్ళూ గట్టిగా మూసుకుని బటను నొక్కాడు.

వెనక్కి తిరిగేసరికి రోడ్డంతా బోసిగా ఉంది. తెల్లగీతలూ నంబర్లూ తప్ప ఏమీ లేవు. కొలతల ఆఫీసరు కాసేపు అటూ ఇటూ చూసి, "ఎత్తెయ్యడానికి బడ్డీలేం లేవు సార్," అన్నాడు. ఫొటో కూడా అలాగే వచ్చింది. ఉత్త రోడ్డు ముందు పదిమంది నవ్వుతున్నారు.

టీ కొట్టు పరీక్ష హాలు దగ్గర తేలింది. పెన్నుల కొట్టు కూడా దాని పక్కనే. కాళ్ళకి చుట్టిన గొలుసు దారిలోనే ఎక్కడో ఊడిపోయింది. బాబాయ్ ఊరంతా రొప్పుతూ వెతుక్కుని వెళ్ళేసరికి అప్పటికే జనం గ్లాసుల కోసం ఎదురుచూస్తున్నారు. "కాళ్ళు లాగేస్తున్నాయి గానీ, బేరం బ్రహ్మాండంగా ఉందమ్మాయ్!" అన్నాడు.

జిప్పులక్క కొట్టు మాత్రం కనబడలేదు. హాస్టల్ దగ్గర లేదు, లైబ్రరీ వెనక లేదు. మర్నాటికి మునిసిపల్ ఆఫీసు మెట్ల కింద దొరికింది. తాళం తీసి కూర్చుంది. తెగిన బ్యాగుతో ఒక్కరూ రాలేదు.

గుమాస్తా బయటికొచ్చాడు. "ఇక్కడ ఎవరి బ్యాగూ చిరగలేదమ్మా, తీసుకుపో."

"పని లేనిచోటికి ఇది రాదండీ," అంది. అంటూనే లోపలికి చూసింది. మొదటి కిటికీ దగ్గర ఎన్నికలకి నామినేషన్ కాయితాలు ఇస్తున్నారు. ఆ రోజే ఆఖరు. ఇంత పెద్ద ఆలోచన తనకి కలలో కూడా రాలేదు. కాసేపు బడ్డీ వైపు, కాసేపు కిటికీ వైపు చూసి, లేచి తాళం వేసి మెట్లెక్కింది.

"నామినేషన్ కాయితం ఒకటి ఇవ్వండి."

"ఎవరికి?"

"నాకే. కాలేజీ రోడ్డు వార్డు."

అప్పటికే లోపలికెళ్ళి కిటికీ వెనక కూర్చున్న గుమాస్తా ఆవిణ్ణి ఎగాదిగా చూశాడు. "గెలిస్తే మరి కొట్టు?"

"ఎక్కడ అవసరముంటే అక్కడికి పోతుంది, దాని వెనకే నేనూ పోతాను. ముందు కాయితం ఇవ్వండి," అని కిటికీ దగ్గర నిలబడే రాయడం మొదలుపెట్టింది.