బొటనవేలి లెక్క

కేకుల మీద పేర్లు రాయడం నా పని. ఊళ్ళో సగం పుట్టినరోజులు నా చేతిరాతతోనే జరుగుతాయని ఓవెన్ బాబాయి అంటుంటాడు. మా బేకరీలో ఓవెన్ దగ్గర నిలబడే పెద్దాయన ఆయన. వరసకి ఎవరికీ బాబాయి కాడు, పిలుపుకి అందరికీ బాబాయే. ఆ మాటతో నన్ను మెచ్చుకుంటున్నాడో వెక్కిరిస్తున్నాడో నాకు ఇప్పటికీ తెలీదు.

ఏళ్ళ తరబడి వెనకగదిలో హాయిగా కూర్చుని రాసుకున్నాను. ముక్కుకి క్రీము అంటుకున్నా అడిగేవాళ్ళు లేరు. మొన్న వేసవిలో మా యజమానికి ఏం బుద్ధి పుట్టిందో, ఆ గదికీ దుకాణానికీ మధ్య గోడ పడగొట్టించి అద్దం బిగించాడు. కేకు తయారవడం కళ్ళారా చూస్తే కొనేవాళ్ళు పెరుగుతారట. పెరిగారు. దాంతోపాటు నా గుండెదడా పెరిగింది. అద్దం అవతల ఫోన్లు ఎత్తిపట్టుకుని అంతమంది గుడ్లప్పగించి చూస్తుంటే, క్రీము కోను పట్టుకున్న చెయ్యి వణకడం మొదలెట్టింది. ఒక తాతగారి కేకు మీద ‘శుభాకాంక్షలు’ అని రాస్తే సగం మాట జారి పళ్ళెంలోకి దిగింది. ఆ రోజు నాకు తల కొట్టేసినట్టయింది.

డాక్టరమ్మ అన్నీ పరీక్షించి చిన్న మాత్ర రాసింది. బీటా బ్లాకర్ అంటారట.

“దడా వణుకూ తగ్గుతాయమ్మా. నాడి కూడా కాస్త నెమ్మదిస్తుంది, కంగారుపడకు. కళ్ళు తిరిగినా, ఆయాసం వచ్చినా వెంటనే రా. నాకు చెప్పకుండా మాత్రం మానెయ్యకు” అంది.

ఇంత చెప్తే నా బుర్రలో మిగిలింది ‘నాడి నెమ్మదిస్తుంది’ ఒక్కటే. చెయ్యి వణకడం ఆగింది. అక్షరాలు ముత్యాల్లా కుదురుతున్నాయి. నేను మాత్రం ‘నెమ్మదించి నెమ్మదించి ఆగిపోతే?’ అని క్రీము చేతులతోనే మణికట్టు పట్టుకుని కూర్చునేదాన్ని. పోనీ లెక్కపెట్టడమైనా వచ్చా అంటే, ఇరవై దాటేసరికి మనసు ఎటో పోయేది. మళ్ళీ మొదటికి.

ఇది చూడలేక మా ఆయన రంగంలోకి దిగాడు.

“ఇకమీదట నీ చెయ్యి నువ్వు ముట్టుకోకు. పొద్దున్నే ఒక్కసారి నేను చూస్తాను. అంతటితో సరి” అన్నాడు.

మా ఆయనది సైకిళ్ళ దుకాణం. గాలి కొలిచే మీటరు ఒకటి మేకుకి వేలాడుతూ దుమ్ము కొట్టుకుపోతోంది. దాని అవసరం ఆయనకి లేదు. టైరు మీద బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కి, ఇంకో నాలుగు దెబ్బలు గాలి కొట్టాలని చెప్పేస్తాడు. ఇంట్లోనూ అంతే. బ్రెడ్డు తాజాదో కాదో, తలుపు రంగు ఆరిందో లేదో, అన్నిటికీ ఆ వేలే. బాగుచేసిన సైకిలుని పరీక్షించాలన్న వంకతో తెల్లారకముందే ఊరు దాటి అంతదూరం తొక్కి వస్తాడు. వచ్చి, నీళ్ళు తాగి, కుర్చీలో స్థిమితంగా కూర్చుని నా చెయ్యి అందుకునేవాడు.

మొదటిరోజు గోడగడియారం వైపు చూస్తూ, పెదాలు కదుపుతూ లెక్కపెట్టాడు.

“నలభై ఎనిమిది” అన్నాడు, టైరులో గాలి సంగతి చెప్పినంత తేలిగ్గా.

నాకు గుండె గుభేలుమంది. ఫోన్లో వెతికితే అరవైకి తగ్గకూడదని ఒకడు, యాభై అయినా ఫర్వాలేదని ఇంకొకడు. నలభైల్లో ఉన్నవాళ్ళ గురించి రాసింది చదివే ధైర్యం లేక ఫోను బోర్లా పెట్టేశాను. మర్నాడూ నలభై ఎనిమిదే. ఆ మర్నాడు నలభై ఏడు. కళ్ళు తిరగడం లేదు, ఆయాసం లేదు, మైదా బస్తా ఎప్పట్లాగే లాగుతున్నాను. అయినా లోపల ఒకటే పీకులాట.

“బాబాయ్, నా మొహం పాలిపోయినట్టుందా?” అని అడిగాను.

“పిండి అంటుకుంది, కడుక్కో” అన్నాడు.

అలాంటి సమయంలో వచ్చింది శనివారం పెళ్ళికి మూడంతస్తుల కేకు ఆర్డరు. పైన పెళ్ళికూతురి పేరూ పెళ్ళికొడుకు పేరూ, చుట్టూరా సన్నని రాత. రాస్తుంటే పెళ్ళివారంతా అద్దం ముందు నిలబడి వీడియో తీసుకుంటారట. మాత్ర మానేస్తే కేకు పోతుంది. వేసుకుంటే నేను పోతాను. ఆలోచించి ఆలోచించి, కేకు పోతే పోయిందని తేల్చుకున్నాను. గురువారం పొద్దున మాత్రని బల్ల మీద పెట్టి, “ఇవాళ్టి నుంచి మానేస్తున్నా” అన్నాను.

మా ఆయన ఆ మాత్ర కేసీ నా కేసీ చూశాడు.

“మానెయ్, ఎవరొద్దన్నారు? ఆ మాటేదో డాక్టరమ్మ చేత చెప్పించి మానెయ్. ముందు వేసుకో, తరవాత పద.”

విషం మింగినట్టు మింగి బయల్దేరాను.

డాక్టరమ్మ నా మణికట్టు మీద రెండు వేళ్ళు ఆనించింది. నిమిషమంతా చూసింది. వేలికి క్లిప్పు పెట్టి ఇంకోసారి చూసింది.

“అరవై నాలుగు. శుభ్రంగా ఉంది.”

“లేదండీ, మీ లెక్క ఎక్కడో తప్పింది” అన్నాడు మా ఆయన. మెకానిక్కు పట్టుదల. “మూడు వారాల బట్టి నేనే చూస్తున్నా. నలభై ఎనిమిది దాటలేదు.”

“ఎలా చూస్తున్నారో చూపించండి.”

మా ఆయన కుర్చీ దగ్గరికి జరుపుకుని, నా చెయ్యి తీసుకుని, టైరు నొక్కినట్టే బొటనవేలితో నొక్కిపట్టాడు. డాక్టరమ్మ నవ్వు ఆపుకుని, లేచి వచ్చి ఆయన రెండో చెయ్యి పట్టుకుంది. ఇద్దరూ ఒకే గడియారం చూస్తూ నిశ్శబ్దంగా లెక్కపెట్టారు.

“నలభై ఎనిమిది” అన్నాడు ఆయన.

“నలభై ఎనిమిదే. కాకపోతే ఇది మీ నాడి” అంది ఆవిడ. “బొటనవేలిలోనూ నాడి కొట్టుకుంటుంది. దాంతో అంత గట్టిగా నొక్కితే మీది మీకే తెలుస్తుంది. ఆవిడ నాడి మీరింతవరకూ చూడనేలేదు.”

మా ఆయన తన బొటనవేలి వైపు, నమ్మకద్రోహం చేసిన మనిషిని చూసినట్టు చూశాడు. నాకు నవ్వు తన్నుకొచ్చింది. కానీ సగంలోనే ఆగిపోయింది. నన్ను మూడు వారాలు తినకుండా నిద్రపోకుండా చేసిన ఆ నలభై ఎనిమిది నాది కాకపోతే ఆయనది. ఆయన ఏ మాత్రా వేసుకోడు, మరి అంత నెమ్మదెందుకు?

“అయితే ముందు ఆయన్ని చూడండి డాక్టరమ్మా” అన్నాను.

అప్పటికప్పుడు గుండె గ్రాఫ్ తీయించింది. ఆ కాగితం బయటికొచ్చే లోపు నేను ఎంతమందికి మొక్కుకున్నానో చెప్పలేను. ఆవిడ తాపీగా అటూ ఇటూ తిప్పి చూసింది. రోజూ ఎంతదూరం తొక్కుతారని అడిగింది. ఆయన చెప్పాడు.

“అదీ సంగతి. బాగా కసరత్తు చేసే గుండె ఇంత నిదానంగానే కొట్టుకుంటుంది. గ్రాఫ్ కూడా శుభ్రంగా ఉంది. మీరిద్దరూ ఇంటికెళ్ళండి. నీ మాత్ర సంగతి వచ్చే నెల మాట్లాడదాం, అప్పటిదాకా వేసుకో.”

నాకు ప్రాణం లేచొచ్చింది. వీధిలోకి రాగానే మొగుడూ పెళ్ళాం గోడకి ఆనుకుని కడుపుబ్బ నవ్వుకున్నాం. దారినపోయేవాళ్ళు మమ్మల్ని తప్పుకుని నడిచారు.

శనివారం పెళ్ళివారు అద్దానికి అవతల గుంపుగా నిలబడ్డారు. దడ కాస్త ఉంది, లేదనను. చెయ్యి మాత్రం కదల్లేదు. రెండు పేర్లూ రాసి, చుట్టూరా రాత తిప్పుకొచ్చి, చివరి చుక్క పెట్టి తలెత్తితే, అంతమంది వెనక, గ్రీజు చొక్కాతో మా ఆయన. దుకాణం మూసేసి వచ్చినట్టున్నాడు. జనం తలల మీదుగా ఆ బొటనవేలు పైకెత్తి చూపించాడు.

“ఆ వేలే కదూ?” అన్నాడు ఓవెన్ బాబాయి. సంగతి అప్పటికే బేకరీ అంతా పాకింది.

గురువారమే డాక్టరమ్మ ఆయనకి రెండు వేళ్ళతో నాడి చూడడం నేర్పింది. ఆయనా బుద్ధిగా నేర్చుకున్నాడు. పెళ్ళి హడావుడి తీరిన మర్నాడు పొద్దున ఆ రెండు వేళ్ళూ చాపితే నేనే వద్దన్నాను.

“పాత పద్ధతిలోనే చూడండి.”

“అది నీది కాదుగా?”

“తెలుసు. చూడండి.”

బొటనవేలు నా మణికట్టు మీద పెట్టి, గడియారం చూసి, నలభై ఎనిమిది అన్నాడు. ఆ మాట విని నేను నిశ్చింతగా పనికి బయల్దేరాను.