బుధవారం వచ్చిన చిట్టా

శనివారం కాబట్టి ఆంబ్రోస్ టిల్లెట్ పొద్దుటి నుంచీ కొట్టు గుమ్మంలో నిలబడి, ఇంగ్లండు నుంచి ఓడల్లో పంపిన ఖైదీలకు వారం తిండి తూయిస్తున్నాడు. సిడ్నీకి ఎగువన, నది ఒడ్డున ఉన్న పారమట్టాలో సర్కారు సరుకులకూ, ఖైదీల కాగితాలకూ అతనే అధికారి. కనుబొమల మీద పిండి దుమ్ము. అయిదేళ్లుగా అందరూ అతన్ని చూసి టోపీ తీస్తారు, ఎవరూ కూర్చోమనరు.

"ఈ పంది నాకంటే ముందే ఓడెక్కినట్టుంది దొరా! వరసకి తాతవుతుంది," అన్నాడొక ఖైదీ, ఉప్పు మాంసం వాసన చూసి.

"అయితే దండం పెట్టి తిను."

అంతా నవ్వారు. టిల్లెట్ చెయ్యి మాత్రం కోటు లోపలి జేబు తడుముకుంది. ఎవరి శిక్ష ఎప్పటితో తీరుతుందో తెలిపే చిట్టా బుధవారమే లండన్ నుంచి వచ్చింది. అతని ఇంట్లో వంట చేసే ఖైదీ జుడిత్ క్రోమ్ తన శిక్ష ఏడేళ్లూ ఎప్పుడో అయిపోయాయని మొత్తుకుంటూనే ఉంది. కాగితం లేని మాట ఎవరు నమ్ముతారు? చిట్టాలో ఆమె మాటే నిజమైంది. రేపు సిడ్నీ రేవు నుంచి ఓడ ఇంగ్లండుకు తిరిగి వెళ్తుంది. పసిబిడ్డను చూసుకోవడానికి కెప్టెన్ భార్య ఆమెను వెంట తీసుకెళ్తానంది, విడుదల కాగితం ఉంటే.

మధ్యాహ్నం జుడిత్ అతని రొట్టెను పులుసులో నానబెట్టి పెట్టింది. అతనికి దవడ పన్ను నొప్పని ఈ నేల మీద తెలిసింది ఆమెకొక్కతెకే.

"చిట్టా చూశారా దొరా?"

"చూడాలి."

"పోటు తగ్గితే సిడ్నీ పడవ పోతుంది. నా కూతురికి పదేళ్లు నిండుంటాయి. ఎదురుపడితే 'ఎవరమ్మా నువ్వు' అంటుందేమో!" నవ్వబోయి ఆగిపోయింది.

టిల్లెట్ చెంచా పక్కన పెట్టాడు. కాగితం తీసి, ఆమె పేరున్న వరస చదివాడు. శిక్ష తీరి రెండేళ్లయింది.

"ఎప్పుడొచ్చిందిది?"

"బుధవారం."

జుడిత్ వేళ్లు మడిచి లెక్కపెట్టింది. "రెండేళ్లు లండన్ వాళ్లు తినేశారు. మూడు రోజులు మీరు తిన్నారు."

అతను తలెత్తకుండా విడుదల పత్రం రాసి సంతకం చేశాడు. ఇసక చల్లి సిరా ఆరబెట్టే దాకా కూడా ఆగకుండా ఆమె దాన్ని అందుకుంది. శాలువా కప్పుకుని గుమ్మం దగ్గర మాత్రం ఒక్క క్షణం నిలబడింది.

"రొట్టె నానబెట్టుకు తినండి. పడుచువాడిలా కొరక్కండి."

అతను కొట్టుకు వెళ్లి మిగిలిన వరసంతటికీ తూయించాడు. పొద్దు వాలాక ఇంటికొస్తే పొయ్యి చల్లారి ఉంది. కిటికీ పక్క బల్ల మీద, అతని పాదం కొలతకే అల్లుతున్న బూడిదరంగు మేజోడు ఒకటి, మడమ దాకా వచ్చి, సూదులతోనే ఉండిపోయింది.